తేనె వత్తి

రాయపురంలో కంటైనర్ల యార్డు.
పదహారు గళ్ళ తెర ముందు
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
నా పని చూడటం.
చూసినందుకే జీతం. రెప్ప వేస్తే
వేసినంత సేపూ కంపెనీ సొమ్ము తిన్నట్టే.

గంటకోసారి రిజిస్టర్లో రాయాలి, ఏం కనబడిందో.
నాలుగేళ్ళుగా ఒకటే మాట రాస్తున్నాను.
పదకొండుకి ఏమీ లేదు. పన్నెండుకి ఏమీ లేదు.
ఒంటిగంటకి ఒక కుక్క,
తర్వాత ఏమీ లేదు.

ఏసీ గాలీ తెర వేడీ కలిసి
రెప్పల అంచులు చేప పొలుసుల్లా లేచాయి.
తుడిస్తే మంట, తుడవకపోతే దురద.
నిద్ర లేచేసరికి వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని
వదలం అంటాయి.

తండయార్‌పేట కంటి డాక్టరమ్మ
రెప్ప తిరగేసి, లైటు వేసి చూసి,
ఇక్కడ వరసగా చమురు గ్రంథులుంటాయమ్మా,
నీవి పూడుకుపోయాయి, అంది.
నవ్వొచ్చింది నాకు.
కళ్ళలో వత్తులు వేసుకుని చూడవే అని
చిన్నప్పుడు పాల గిన్నె దగ్గర కూర్చోబెట్టేది మా పెద్దమ్మ.
వత్తులు వేసుకున్నాను సరే,
చమురు పొయ్యాలని ఎవరూ చెప్పలేదు.

వేడి గుడ్డ కాపడం, ఒక గొట్టం మందు.
గొట్టం అయిపోయింది. జీతం పదో తారీకు.

కింది వాటా నాంచారమ్మ
సగం తెలుగూ సగం అరవమూ కలిపి తిట్టింది:
"గొట్టాలెందుకే పిచ్చిదానా, తేన్ రాయి."
తేనె అనదు. చివరి అచ్చు నాలుక్కి అంటుకుపోయి
తేన్ వరకే బయటికొస్తుంది.
"కంట్లో కాదే, రెప్ప మీద. ఉల్లిపొరంత."

బేసిన్ బ్రిడ్జి కింద
జవ్వాది కొండల నుంచి వచ్చిన చడయన్
క్వార్టర్ సీసాల్లో అమ్ముతాడు.
బెల్లం పాకమే కదా, అన్నాను.
అతను నన్ను కాదు, నా రెప్పల్ని చూశాడు.
సంచిలోంచి దూది తీసి
అరచేతిలో పేని వత్తి చేసి
తేనెలో ముంచి అగ్గిపుల్ల గీశాడు.
చిటపటమని ఒకసారి ఏడ్చి
అప్పుడు వెలిగింది,
పైన రైలు పోతున్నా ఆరకుండా.
కల్తీదైతే వెలగదమ్మా అని
దాని వెలుగులోనే చిల్లర లెక్కపెట్టాడు.

ఈ రాత్రి రెండూ నలభై.
చిటికెనవేలితో రాసుకున్నాను.
మొదట చురుక్కుమంది. తర్వాత బిగుతు.
ఆ తర్వాత, ఎవరో నా మొహాన్ని
రెండు చేతుల్తో పట్టుకుని
కాస్త ఆగు అన్నట్టు.
పది నిమిషాలు మూసుకోమంది నాంచారమ్మ.
మూసుకున్నాను.
గళ్ళు పదహారూ వాటి పాటికవి వెలుగుతున్నాయి.

రేవులో ఓడ ఒకటి గొంతు సవరించుకుంది.
గేటు దగ్గర మారిముత్తు బీడీ దగ్గు.
క్రేను ఇనుము చల్లబడుతూ టిక్కుమంది.
ఉప్పు వాసన, డీజిలు వాసన,
వాటి అడుగున
నేనెప్పుడూ ఎక్కని కొండ మీది ఏదో పువ్వు.
ఒక చీమ చెంప మీదుగా పైకి బయల్దేరింది.
రానిచ్చాను. దానిదీ రాత్రి డ్యూటీయే.
ఈలోగా ఏ కంటైనరైనా కదిలిందేమో
నాకేం తెలుసు.

తడిగుడ్డతో తుడుచుకుని తెరిచాను.
ఎరుపు తగ్గిందా? అద్దం లేదిక్కడ.
మంట ఉంది, పక్కింట్లో రేడియో మోగినంత.
డాక్టరమ్మకి చెబితే తిడుతుంది.
చెబుతాను, పదో తారీకున.

మూడింటి వరసలో రాశాను: ఏమీ లేదు.
నాలుగేళ్ళలో ఇదొక్కటే అబద్ధం.

ఆరింటికి షిఫ్టు మారడానికొచ్చిన జ్ఞానశేఖర్
పేజీ తిప్పబోయాడు.
రాలేదు.
"ఏంటక్కా ఇది, అంటుకుపోయింది" అని
మూల పట్టుకుని లాగుతున్నాడు.

లాగకు, అన్నాను.
కాస్త తడి చేసి
మెల్లగా విడదియ్యి.